పిచ్చుకకు పదవులొచ్చాయి

చిరంజీవి పిచ్చుకకు,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేను, నా కళ్ళజోడు, నువ్వు కాలు విరగ్గొట్టిన కుర్చీ, అందరమూ కులాసా. నీ కులాసా నువ్వు రాస్తేనే కదా తెలిసేది! నిన్ను బడిలో దింపి వచ్చి వారం దాటింది. వారం దాటినా ఉత్తరం రాయని పిల్లను ఏమనాలో నాకు తెలుసు. మొదటి ఉత్తరంలోనే తిట్టడం బాగుండదని ఊరుకుంటున్నాను.

మీ అమ్మానాన్నలు వంతెన కట్టే పని మీద ఏడాది పాటు డేరాల్లో ఉండాలి కాబట్టి నిన్ను హాస్టలున్న బడిలో వేయవలసి వచ్చింది. ఆ బడిని ఎంచింది మీ నాన్న, నేను కాదు. పాత బిస్కట్ల ఫ్యాక్టరీలో బడి పెట్టడమేమిటి? శుభ్రంగా మెట్లుండగా, ఒకప్పుడు బిస్కట్ డబ్బాలు జారిన రేకుబల్ల మీద పిల్లలు పైనుంచి జారి తరగతికి రావడమేమిటి? నిన్ను దింపిన రోజు మీ పెద్దసారు కూడా అలాగే జారివచ్చి, సరిగ్గా నా కాళ్ళ దగ్గర ఆగి నమస్కారం పెట్టారు. పడుకుని పెట్టిన నమస్కారానికి ఎలా బదులివ్వాలో నాకు ఏ బడిలోనూ నేర్పలేదు.

అందుకే ముందుగా చెబుతున్నాను. పక్కింటి జడ్జిగారి భార్య మనవడు, ఆ బుద్ధిమంతుడు, చదివేది ఎత్తుగోడల బడిలో. అక్కడి దరఖాస్తు ఫారం ఒకటి తెప్పించి బీరువాలో పెట్టాను. సెలవుల ముందు నేను వచ్చి చూస్తాను. నువ్వు బాగుపడుతున్నావని నాకు నమ్మకం కుదిరితే సరే. లేదంటే ఫారం నింపుతాను, నిన్ను ఆ బడికి మారుస్తాను.

నీటిసరఫరా ఆఫీసులో ఉద్యోగమంతా లెక్కలు చూసినదాన్ని. నీ పేర కూడా ఒక పుస్తకం తెరిచాను. చేసిన మంచిపని జమ, చెడ్డపని ఖర్చు. ప్రస్తుతానికి రెండువైపులా తెల్లగా ఉంది.

వేళకు లే. గొంతు తగ్గించి మాట్లాడు. కిటికీల దగ్గర జాగ్రత్త.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. ఇల్లు ఇప్పుడు ఎంతో ప్రశాంతంగా ఉంది. గోడగడియారం చప్పుడే మరీ ఎక్కువైంది. బాగుచేయించాలి.

*

అమ్మమ్మకి,

బోలెడు ముద్దులు. ఉత్తరం ఎందుకు రాయలేదంటే ఇక్కడ అసలు ఖాళీ ఉండదు అమ్మమ్మా. మా తరగతి పేరు పొయ్యిగది. ఒకప్పుడు అక్కడ బిస్కట్లు కాల్చేవాళ్ళట. వాన పడితే గోడలు ఇప్పటికీ వెనీలా వాసన వస్తాయి. అప్పుడు అందరికీ ఆకలేస్తుంది, అందుకని వాన పడితే పాఠం ఆపి రొట్టె పెడతారు. మేం రోజూ ఆకాశం వంకే చూస్తుంటాం.

నా పక్కమంచం అమ్మాయి పేరు గుండుసూది. సన్నగా ఉంటుంది, తల ఒక్కటే పెద్దది. చాలా మంచిది.

నేను సోమవారం ఆలస్యంగా లేచాను. మంగళవారం కూడా. బుధవారం మరీనూ, అప్పటికి రెండో పాఠం అయిపోయింది. గురువారం పొద్దున పెద్దసారు అందరినీ నిలబెట్టి, "గంట అధికారి పదవికి ఇంతకంటే తగిన మనిషి ఈ బడిలో లేరు" అని నన్ను పిలిచి, సీసామూతకి పిన్ను అతికించిన బిళ్ళ నా గౌనుకి పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంక నుంచి నేను గంట కొడితేనే బడి లేస్తుంది, నేను కొడితేనే పడుకుంటుంది!

ఇక్కడ పెద్దవాళ్ళు టర్ముకి ఒక్కసారే వచ్చి చూడాలట. బిళ్ళ ఉన్న అధికారులు మాత్రం ఎప్పుడైనా గేటు దాటొచ్చు. నువ్వు వచ్చేది ఆ ఒక్కసారి ఎప్పుడో ముందే చెప్పు, నేను గంట గట్టిగా కొడతాను.

నీ
పిచ్చుక

తా.క. గంట కొట్టేవాళ్ళు అందరికంటే ముందు లేవాలట. ఈ సంగతి బిళ్ళ పెట్టాక చెప్పారు.

*

చిరంజీవి పిచ్చుకకు,

అమ్మమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి గానీ సంగతులు బాగున్నాయి.

ముందు చీవాట్లు, తరవాత మెచ్చుకోలు. మూడు రోజులు ఆలస్యంగా లేవడం సిగ్గుచేటు. ఖర్చువైపు రాశాను. అయితే అంత ఆలస్యంగా లేచే పిల్లను కూడా పట్టి అధికారిని చేశారంటే, ఆ పెద్దసారు నీలో ఏదో చూసే ఉంటారు. మనిషి జారుడుబల్ల మీద వచ్చినా చూపు సూటిగానే ఉందన్నమాట. జమవైపు పెద్ద అక్షరాలతో "గంట అధికారి" అని రాసి కింద గీత గీశాను.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పదలచుకోలేదు. గొప్పలు చెప్పుకోవడం నాకు గిట్టదని నీకు తెలుసు. మొన్న జడ్జిగారి భార్య ప్రహరీగోడ అవతలినుంచి, "మావాణ్ణి తరగతిలో రెండో లీడరును చేశారండీ" అంది. "అలాగా, సంతోషం. మా పిల్లను మొత్తం బడికి అధికారిని చేశారు, చేరి ఇంకా మూడు వారాలు కాలేదు" అన్నాను. అంతే. అంతకు మించి ఒక్క మాట అనలేదు. సాయంత్రం మళ్ళీ ఒకసారి అన్నాను, ఆమెకు సరిగా వినబడలేదేమోనని.

ఒక్క పదవి దొరికిందని చంకలు గుద్దుకోవద్దు. ఒక్కదానితో ఆగిపోవడం మన ఇంటా వంటా లేదు. వారానికొకటైనా తెచ్చుకోవాలి.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. జడ్జిగారి భార్య రెండు రోజులుగా గోడ దగ్గరికి రావడం లేదు. ఆమె పూలకుండీలకు కూడా నేనే నీళ్ళు పోస్తున్నాను.

*

అమ్మమ్మకి,

గట్టి ముద్దులు. వారానికొకటి అన్నావు కదా, ఈ వారం రెండొచ్చాయి!

మంగళవారం సైన్సు సారు "గాలికి బరువుందా?" అని అడిగారు. గాలి సంగతి నాకు తెలీదు, చెప్పుకి ఉందని మాత్రం తెలుసు. చూపిద్దామని విసిరాను. కిటికీలోంచి బయటికి వెళ్ళింది. కిటికీ మూసి ఉంది. బుధవారం నుంచి నేను కిటికీల అధికారిని. అద్దాలు బిగించే తాత వచ్చాడు, ఆయన పక్కన నిలబడి లప్పం పిసికి ఇచ్చాను. "ఏం పాపా, ఏ ఊరి మేస్త్రీవి నువ్వు? చెయ్యి బాగా తిరిగిందే!" అన్నాడు. ఇప్పుడు బడిలో ఏ కిటికీ కిర్రుమంటుందో, ఏది మొండిదో నాకు తెలుసు. ఎవరైనా దభీమని మూస్తే నా గుండె ఝల్లుమంటుంది.

లెక్కల టీచరు ఎక్కాలు మెట్ల మీద చెబుతారు. రెండో ఎక్కమంటే మెట్టు వదిలి మెట్టు ఎక్కాలి. పదమూడో ఎక్కానికి డాబా మీద తేలాం. అక్కణ్ణుంచి గుండుసూదితో మాట్లాడుతూ దిగాను. దిగాక కూడా మాట్లాడాను. భోజనం గంట కొట్టాల్సింది నేనేనని మర్చిపోయి ఇంకా మాట్లాడాను. అప్పుడు నన్ను నిశ్శబ్దం అధికారిని చేశారు.

గుండుసూది ఇక్కడికొచ్చి మూడేళ్ళయింది, దానికి ఒకటే పదవి, సిరాది. "ఇంత తొందరగా ఇన్ని పదవులు నా తరవాత నీకే వచ్చాయి. నేనూ ఈ బడిలోనే చదివాను" అన్నారు పెద్దసారు. అలా అని నిట్టూర్చారు. ఎందుకో తెలీదు.

నీ
పిచ్చుక

తా.క. నిశ్శబ్దం అధికారి ఎవరినీ "మాట్లాడొద్దు" అనకూడదు. అలా అంటే మాట్లాడినట్టే కదా. అందుకని కళ్ళతో అరుస్తున్నాను. కళ్ళు నొప్పెడుతున్నాయి.

*

చిరంజీవి పిచ్చుకకు,

అమ్మమ్మ ఆశీస్సులు.

ఉత్తరం చదివి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. బోధించేవారి మీదికి చెప్పు విసరడం క్షమించరాని తప్పు. ఆయన మీద పడలేదని నీ ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది కాబట్టి సగమే ఖర్చు రాశాను. కాని కిటికీలు, నిశ్శబ్దం! అందులో నీకు నిశ్శబ్దం! ఇంట్లో నీ నోరు మూయించలేక నేను పడిన పాట్లు నాకే తెలుసు. అలాంటిది బడి మొత్తం నోరు నీ చేతిలో పెట్టారంటే, మీ పెద్దసారు ఎంత దూరం ఆలోచించే మనిషో తెలుస్తోంది. "నా తరవాత నీకే" అన్న ఆయన మాటను పుస్తకంలో ఎర్రసిరాతో ఎత్తిరాశాను. నిట్టూర్పు సంగతి రాయలేదు. పెద్ద బాధ్యతల్లో ఉన్నవాళ్ళకు నిట్టూర్పులు మామూలే. మా ఆఫీసులో పెద్ద ఇంజినీరుగారు రోజంతా నిట్టూర్చేవారు.

ఇప్పుడు జాగ్రత్తగా విను. సీసామూతల బిళ్ళలు నీ పదవులకు చిన్నతనంగా ఉంటాయని ఇత్తడి బిళ్ళలు చేయిస్తున్నాను. చెక్కేవాడు "అక్షరానికి ఇంత పడుతుందమ్మా" అంటే, "నిశ్శబ్దం అన్న మాటలో ఎన్ని అక్షరాలున్నా చెక్కు నాయనా" అన్నాను. జడ్జిగారి భార్య కూడా చూడ్డానికి వస్తానంటోంది. సెలవుల ముందు శనివారం ఇద్దరం వస్తాం.

ఆ లోగా నువ్వు ఆ బడిలో అన్నిటికంటే పెద్ద పదవి తెచ్చుకోవాలి. తెచ్చుకున్నావా, బీరువాలో ఉన్న ఫారం నీ కళ్ళముందే చించేస్తాను. వంటిల్లు, లైబ్రరీ, తోట ఎవరి చేతుల్లో ఉన్నాయి? ఏం చేస్తే ఆ పదవి వస్తుందో ముందు తెలుసుకో. తెలుసుకుని, అది చెయ్యి. మొహమాటపడవద్దు. చేస్తే నిండుగా చెయ్యి. ఏ పనీ సగంలో వదిలే అలవాటు మన వంశంలో లేదు.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. గోడగడియారాన్ని బాగుచేసేవాడికి చూపించాను. "చప్పుడు ఎప్పటిలాగే ఉందండీ, ఇంట్లో మనుషులు తగ్గారా?" అన్నాడు. అడిగిన పని చేయకుండా లేనిపోని ప్రశ్నలు. చప్పుడు తగ్గించి తీరాలని గట్టిగా చెప్పి వచ్చాను.

*

అమ్మమ్మకి,

అలసిపోయిన ముద్దులు. నువ్వు చెప్పినట్టే చేశాను. నిండుగా చేశాను.

వంటిల్లు: వంటావిడ పిండి కోసం సామాన్లగదిలోకి వెళ్ళగానే బయట గొళ్ళెం పెట్టాను. నిజంగా నాకు ఆవిడంటే చాలా ఇష్టం అమ్మమ్మా, నువ్వు మొహమాటపడొద్దన్నావని పెట్టాను. ఆవిడ తిట్టలేదు, లోపల కూచుని పాటలు పాడింది. పాటలు బాగున్నాయని అందరం తలుపు దగ్గర చేరి విన్నాం, గొళ్ళెం తియ్యడం మర్చిపోయాం. ఆ పూట భోజనం లేదు. సాయంత్రానికల్లా నేను వంటింటి అధికారిని. ఉల్లిపాయలు ఎన్ని తరిగానో చెప్పను, నువ్వు ఏడుస్తావు.

లైబ్రరీ: వాననీళ్ళు నిలిచిన చోట దాటడానికి లావుపాటి పుస్తకాలు వరసగా పరిచాను. పాదాలు తడవలేదు. ఇప్పుడు ఒక్కో కాగితం విడదీసి తాడు మీద ఆరేస్తున్నాను. ఆరేస్తూ చదువుతున్నాను. నక్షత్రాల పుస్తకంలో ముప్పయ్యో పేజీ దాకా ఆరింది, తరవాత ఏమైందో రేపు తెలుస్తుంది.

తోట: తోటమాలి తాత పొదని బాతులా కత్తిరించాడు. నేను దాని మెడ కత్తిరించాను. ఇప్పుడది బల్లలా ఉంది. తాత కత్తెర కింద పెట్టి దాని ముందు కూలబడ్డాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇది మాత్రం చెయ్యకుండా ఉండాల్సింది అమ్మమ్మా.

పెద్దసారు పిలిచి, "ఏమైందమ్మా నీకు? ఇదివరకు తెలీక చేసేదానివి, ఇప్పుడు పని పెట్టుకుని చేస్తున్నావు" అన్నారు. "మా అమ్మమ్మ చెయ్యమంది సార్" అన్నాను. ఆయన నీ ఉత్తరం తెప్పించుకుని చదివారు.

ఇంక మిగిలింది ఒక్కటే. అన్నిటికంటే పెద్ద పదవి తాళాల అధికారి. బడిలో ఉన్న అన్ని తాళంచెవుల గుత్తీ వాళ్ళ నడుముకే వేలాడుతుంది. పెద్దసారు చిన్నప్పుడు ఆయనకి ఇచ్చారట, అప్పట్నుంచి ఇంకెవరికీ రాలేదు. ఆయన గుత్తి ఇప్పటికీ ఆయన నడుముకే ఉంది, దానికి జత గుత్తి వంటింట్లో మేకుకి ఉంటుంది. దాన్ని ఎత్తుకుపోయి ఎక్కడ దాచాలా అని ఆలోచిస్తున్నాను. నాకు ఇంకే బడీ వద్దు అమ్మమ్మా. అందుకే చేస్తున్నాను.

నీ
పిచ్చుక

తా.క. గుండుసూది ఒక మాట అడగమంది. మీ ఆఫీసులో నువ్వు లెక్కల అధికారివి కదా. ఆ పదవి రావడానికి నువ్వు ఎన్ని లెక్కలు తప్పు చేశావు?

*

పిచ్చుకకు,

నీ తాజా కలం ఏడుసార్లు చదివాను. మొదటి ఆరుసార్లు నా కళ్ళజోడును అనుమానించాను.

నేను ఒక్క లెక్క కూడా తప్పు చేయలేదు. లోకంలో పదవులు తప్పులు చేసినందుకు ఇవ్వరు. ఆలస్యంగా లేచినందుకు గంట, అద్దం పగలగొట్టినందుకు కిటికీలు, వాగినందుకు నిశ్శబ్దం! అవి పదవులని నువ్వు రాయడం, నేను చదివి మురిసిపోవడం! జమలో రాసినవన్నీ ఖర్చుకు మార్చాను. నా జీవితంలో కొట్టివేత ఉన్న పుస్తకం ఇదే మొదటిది.

ఇత్తడి బిళ్ళలు తయారై వచ్చాయి. వాటిని ఎక్కడ దాచుకోవాలి? జడ్జిగారి భార్య నిన్న కొత్త చెప్పులు కొనుక్కుంది, నీ గౌరవాన్ని చూడడానికి. ఆమెకు జ్వరమొస్తే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. అదీ నా ఖర్చులోనే రాసుకున్నాను.

ఇక చాలు. ఎత్తుగోడల బడి ఫారం నింపాను, సంతకం కూడా చేశాను. శనివారం ఒక్కదాన్నే వచ్చి నిన్ను తీసుకుపోతాను. నీ పెట్టె సర్దుకో. దీనితో పాటు మీ పెద్దసారుకు వేరే కవరులో ఉత్తరం పెట్టాను, అందజెయ్యి.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. తాళాల జోలికి వెళ్ళావంటే ఊరుకోను.

మరో తా.క. ఆ వంటావిడ లోపల ఏ పాటలు పాడింది? ఊరికే అడుగుతున్నాను.

*

గౌరవనీయులైన అమ్మమ్మగారికి,

నమస్కారములు. నేను పెద్దసారును. నేను చెబుతుంటే మీ మనవరాలు రాస్తోంది. (అవును అమ్మమ్మా, నేనే. నువ్వు సారుకి రాసిన ఉత్తరం ఇవ్వకుండా పాత పొయ్యిలో దాచాను. దొరికిపోయాను. నిన్నట్నుంచి నేను ఉత్తరాల అధికారిని. సారుకి వచ్చినవన్నీ చదివి వినిపించాలి, జవాబులు రాయాలి. నీది నేనే గట్టిగా చదివాను. "బాధ్యత తెలియని మనిషి" అన్న చోట ఆగాను. చదవమ్మా అన్నారు.)

తమ ఉత్తరం విన్నాను. తమ కోపం న్యాయమైనదే. మా బడిలో శిక్షలు లేవు. చెడగొట్టినవాళ్ళే చక్కబెట్టాలన్నది ఒక్కటే పద్ధతి. ఆలస్యం విలువ ఆలస్యంగా లేచేవాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? నేను చిన్నప్పుడు ఈ బడి తాళంచెవులు బావిలో పడేశాను. ఆ గుత్తి పైకి తీయించి నా నడుముకు కట్టారు. ఇంతవరకూ విప్పబుద్ధి కాలేదు. (సార్, ఇది రాయాలా? రాయమన్నారు.)

మీ అమ్మాయి గంట చేతపట్టాక ఈ బడి ఒక్కరోజు కూడా ఆలస్యంగా లేవలేదు. అద్దం ఒక్కటీ పగల్లేదు. కాబట్టి గంట, కిటికీలు, నిశ్శబ్దం, ఉత్తరాలు, ఈ నాలుగూ న్యాయంగా ఆమెవి.

వంటిల్లు, లైబ్రరీ, తోట సంగతి వేరు. విచారించాను. "తెలుసుకుని, అది చెయ్యి. చేస్తే నిండుగా చెయ్యి" అని స్వయంగా తమ చేతిరాతతో ఉంది. చేసింది పిల్ల, చేయించింది తమరు. మా పద్ధతి ప్రకారం ఆ మూడు పదవులు పిల్లనుంచి తీసి తమకు ఇవ్వడమైనది. (సీసామూతలు మూడు సిద్ధం చేశాం అమ్మమ్మా. గుండుసూది నీ పేరు అందంగా రాసింది.) ఎటూ శనివారం వస్తున్నారు గనుక, ఆ రోజే పని ఒప్పుకోగలరు. ఎనిమిది గంటలకు బడిగంట. ఆలస్యమైతే ఏమవుతుందో తమకు తెలుసు.

పిల్లను తీసుకుపోవాలో వద్దో అన్నది తమ ఇష్టం. పని అయ్యాక చెప్పండి.

ఇట్లు,
పెద్దసారు
(రాసింది: పిచ్చుక, ఉత్తరాల అధికారి)

తా.క. ఇది నా సొంతం. పెట్టె సర్దాను. ఒక్కటే సందేహం అమ్మమ్మా. నేను వెళ్ళిపోతే గంట ఎవరికిస్తారు? ఆలస్యంగా లేచేవాళ్ళకే ఇవ్వాలి. ఇప్పుడు బడిలో అలాంటివాళ్ళు ఒక్కరూ లేరు, అందరినీ నేనే లేపేస్తున్నాను కదా.

*

చిరంజీవి పిచ్చుకకు,

అమ్మమ్మ ఆశీస్సులు. క్షేమంగా ఇల్లు చేరాను. నడుము తప్ప.

శనివారం జరిగింది నువ్వు చూశావు గానీ, నువ్వు చూడని ముక్క ఒకటుంది. నేను మీ గేటు దగ్గరికి వచ్చేసరికి నా చేతిగడియారంలో ఎనిమిదికి ఇంకా రెండు నిమిషాలుంది. అంతలోనే నీ గంట మోగింది. "దొరికింది! వేళకంటే ముందే కొట్టింది!" అనుకుని, సాక్ష్యానికి ఎదురుగా పోస్టాఫీసు గడియారం చూశాను. సరిగ్గా ఎనిమిది. చేతిగడియారాన్ని ఇంట్లో గోడగడియారం చూసి సరిచేసుకున్నాను. దాని చప్పుడు తగ్గించమంటే ఆ బాగుచేసినవాడు నడకే తగ్గించాడన్నమాట. నీ గంట కరెక్టు. నేను ఆలస్యం. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆలస్యం. అందుకే పెద్దసారు నాకు సహాయ గంట అధికారి బిళ్ళ కూడా పెట్టారు. నీ కింద పనిచేయడం నాకేమీ నామోషీగా లేదు. తాడు పట్టుకునేటప్పుడు మోచెయ్యి వంచమని నాకు నేర్పావు చూడు, అప్పుడు నీ మొహం చాలా గంభీరంగా ఉంది. మా పెద్ద ఇంజినీరుగారు కూడా అంత గంభీరంగా ఉండేవారు కాదు.

తోటమాలితో మాట్లాడాను. క్షమాపణ నేను చెప్పుకోవలసినదే, చెప్పుకున్నాను. "మెడ పోయిందని మొదట దిగులేసిందమ్మా. ఇప్పుడు పిల్లలు దాని మీద పుస్తకాలు ఆరబెట్టుకుంటున్నారు, బల్లగానే ఉండనీ" అన్నాడు. నువ్వు రోజూ పొద్దున్నే వచ్చి నీళ్ళు పోస్తున్నావని కూడా చెప్పాడు. నాకు రాయలేదేం? చెడ్డపనులు వివరంగా రాసి మంచిపని దాచడం ఏ రకం లెక్క?

వంటావిడ గొంతు బాగుంది. ఇద్దరం కలిసి బఠాణీలు ఒలిచాం. నేనూ రెండు చరణాలు అందుకున్నాను, కాని అది ఉల్లిపాయల ఘాటుకు వచ్చిన గొంతు, పాటగా లెక్కించవద్దు. రేకుబల్ల మీద జారిన మాట ఎవరికీ చెప్పకు. మెట్లు తడిగా ఉన్నాయి కాబట్టి జారాను. రెండోసారి కూడా తడిగానే ఉన్నాయి.

జడ్జిగారి భార్యకు జరిగిందంతా దాచకుండా చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కొత్త చెప్పుల వంక చూసుకుంటూ, "మావాడు ఏ తప్పూ చేయడండీ, పాపం. అక్కడ వాడికి ఏం దొరుకుతుంది?" అంది. సెలవుల్లో వాణ్ణి నీ దగ్గర కొన్నాళ్ళు ఉంచుతానని మాటిచ్చాను.

ఇత్తడి బిళ్ళలు రేపు పోస్టులో వస్తాయి. పెట్టుకో. "నిశ్శబ్దం" బిళ్ళ కాస్త బరువు. పుస్తకంలో ఖర్చుకు మార్చినవన్నీ మళ్ళీ జమకు మార్చాను. ఆ పేజీ ఇప్పుడు చూడడానికి లేదు.

ఇక ఆ ఫారం. నింపి, సంతకం చేసి ఉంది. చించేస్తానని మాట ఇచ్చాను గానీ, ఒకవైపు తెల్లగా ఉన్న కాగితాన్ని చించడం నాకు చేతకాదు. ఈ ఉత్తరం దాని వెనకే రాశాను. తిప్పి చూడు. చూశాక, నువ్వే చించు.

ఇట్లు,
అమ్మమ్మ,
వంటిల్లు, లైబ్రరీ, తోట అధికారి, సహాయ గంట అధికారి

తా.క. వంటింటి, లైబ్రరీ, తోట పనులు శనివారమే పూర్తిచేసినందుకు నా బిళ్ళలన్నీ మీ పెద్దసారు వెనక్కి తీసుకుని, "ఇక తమరు టర్ముకి ఒక్కసారి వస్తే చాలు" అన్నారు. పైన సంతకంలో పదవులు అలవాటుగా రాశాను.

మరో తా.క. ఇంటికి వచ్చి చేతిసంచి తెరిస్తే, అందులో మీ బడి తాళంచెవుల గుత్తి మొత్తం ఉంది! వంటింట్లో మేకుకు ఉండేదే. ఎలా వచ్చిందో తెలియదు. నేను చేసిన తప్పు పెద్దదేనని, పద్ధతి ప్రకారం ఏం చేస్తారో చేయమని, నాకేమీ అభ్యంతరం లేదని పెద్దసారుతో చెప్పు. తాళాల అధికారి రోజూ రావాలా, రోజు విడిచి రోజు రావాలా అన్నది కూడా అడుగు. రోజూ అయితే బస్సు పాసు తీసుకుంటాను.

ఆఖరి తా.క. తాళాలు తీయలేక బడివాళ్ళంతా బయట చిక్కుపడతారేమోనని కంగారుపడకు. మారు గుత్తి పెద్దసారు నడుముకు ఉందని నా కళ్ళతో చూసుకున్నాకే ఈ పొరపాటు జరిగింది. పొరపాటైనా సరే, లెక్కప్రకారం ఉండాలి.